తన యిల్లు తాను కట్టుకొన్న థోరో

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ రెండు కార్యములయందును మనుష్యుని ఓర్పు, చేతిలోని ధనము, చుట్టుపక్కలవారి మంచితనము ఒక్కమారే పరీక్షకు నిలుచును. రాజధానిలో ఉద్యోగములు చేయుచున్న మనవంటివారికి ఈ సామెతలోని మొదటి సగము మరింత బరువుగ తోచును. ముప్పది యేండ్లు ప్రభుత్వ వసతిగృహములలో కాపురముండి, ఉద్యోగవిరమణ దినము సమీపించుచుండగా సామాను ఎక్కడ దింపుకొనవలెనను ప్రశ్న మనలో ఎందరినో వేధించుచున్నది. మధ్యాహ్న విరామమున నలుగురు తెలుగువారు కలిసినచోట స్థలము ధర, గృహనిర్మాణ అడ్వాన్సు, వాయిదాల సంఖ్య అను మూడు మాటలే తరచు వినవచ్చును.

కొన్ని మాసముల క్రిందట నేనును ఆ అడ్వాన్సు కొరకు దరఖాస్తు వ్రాయ కూర్చుంటిని. వాయిదాల పట్టికను ముందుంచుకొని, చివరి వాయిదా చెల్లించునాటికి నా వయస్సు ఎంత యగునో లెక్క వేసితిని. ఆ అంకె చూచిన పిమ్మట కలము ముందునకు సాగలేదు. అప్పుడు, కళాశాలలో పరీక్షకొరకు చదివి మరచిన ఒక గ్రంథము జ్ఞప్తికి వచ్చెను. తన యింటికి ఎంత ఖర్చయినదో అర సెంటుతో సహా వ్రాసిపెట్టిన ఒక మహనీయుని గ్రంథమది. మరల తెచ్చి చదివితిని. ఇరువది యేండ్ల వయస్సులో ప్రకృతివర్ణనగా తోచినది ఇప్పుడు జమాఖర్చుల పుస్తకముగ కనబడెను. ఆ గ్రంథకర్త హెన్రీ డేవిడ్ థోరో జీవితమును, ముఖ్యముగ అతని గృహనిర్మాణ కథను, మన సంఘ సభ్యులకును వారి కుటుంబములకును విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము.

అమెరికాలో మసచూసెట్స్ రాష్ట్రమున బోస్టన్ నగరమునకు సుమారు ఇరువది మైళ్ళ దూరములో కాంకర్డు అను చిన్న పట్టణము కలదు. 1817 జూలై 12వ తేదీన థోరో అచ్చట జన్మించెను. తండ్రి జాన్ థోరో కొంతకాలము అంగడి నడపి నష్టపోయి, తుదకు పెన్సిళ్ళు తయారుచేయు చిన్న పరిశ్రమలో నిలద్రొక్కుకొనెను. తల్లి సింథియా కొందరికి తమ యింట భోజనమును వసతియు నేర్పరచి, వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్నట్లు సంసారమును గడుపుకొని వచ్చెను. నలుగురు బిడ్డలలో హెన్రీ మూడవవాడు. అక్క హెలెన్, అన్న జాన్, చెల్లెలు సోఫియా. ఆ కుటుంబము పెక్కు సంవత్సరములు అద్దె యిండ్లలోనే కాలము గడపెను.

పదునారవ యేట హెన్రీ హార్వర్డు కళాశాలలో చేరి, 1837లో పట్టభద్రుడయ్యెను. వెంటనే స్వగ్రామమున ఉపాధ్యాయ పదవి లభించెను. అది దొరకుట ఆ కాలమున అదృష్టమే. కాని పిల్లలను బెత్తముతో దండింపవలెనని పాఠశాల పెద్దలు పట్టుపట్టగా, కొందరిని దండించి, మనసొప్పక రెండు వారములలోనే ఆ ఉద్యోగమును వదలుకొనెను. మరుసటి సంవత్సరము అన్న జాన్‌తో కలిసి సొంత పాఠశాల నడపెను. అందు బెత్తము లేదు. పిల్లలను పొలములకును నదీతీరములకును తీసికొనిపోయి పాఠములు చెప్పుచుండిరి. 1839 వేసవి చివర అన్నదమ్ములిరువురును తమ చేతులతో కట్టుకొన్న పడవలో కాంకర్డు, మెరిమాక్ నదులపై రెండు వారములపాటు విహారయాత్ర చేసిరి. హెన్రీ జీవితములోని సంతోషపు దినములలో అవి ముఖ్యమైనవి.

ఆ సంతోషము నిలువలేదు. అన్నకు జబ్బుచేయుటచే 1841లో పాఠశాల మూతపడెను. 1842 జనవరిలో జాన్ క్షౌరపు కత్తిని నూరుచుండగా వ్రేలు తెగెను. చిన్న గాయమే గదా యని ఊరకుండగా అది ధనుర్వాతమై, కొలది దినములలో అతడు తమ్ముని చేతులలోనే ప్రాణము విడిచెను. ఆ దుఃఖము హెన్రీని ఎంతగా క్రుంగదీసెననగా, ఏ గాయమును లేకున్నను అతని దేహమునందును ఆ వ్యాధి లక్షణములే కనిపించెను. ఇంటివారు అతనిపై ఆశ వదలుకొనిరి. కొన్నాళ్ళకు కోలుకొనెనే కాని, అన్నతో చేసిన పడవ ప్రయాణమును ఒక గ్రంథముగ వ్రాయవలెనను కోరిక అప్పటినుండి అతని మనసులో పాతుకొనెను. వ్రాయుటకు తీరిక కావలెను. తీరికకు చోటు కావలెను. థోరో తరువాత కట్టిన చిన్న యింటికి పునాది ఇచ్చటనే పడినదని నా తలంపు.

కాంకర్డులోనే ఎమర్సన్ అను ప్రసిద్ధ తత్త్వవేత్త నివసించుచుండెను. పదునాలుగేండ్లు చిన్నవాడైన థోరోయందు ఆయనకు అపారమైన వాత్సల్యము. 1841 నుండి రెండేండ్లపాటు థోరో ఆయన యింట ఉండి, తోటపనియు వడ్రంగపు పనియు చేయుచు, ఆయన గ్రంథాలయమును చదువుకొనెను. 1843లో న్యూయార్కు సమీపమున ఎమర్సన్ అన్నగారి పిల్లలకు పాఠములు చెప్పుటకు పోయి, అచ్చటి పత్రికలలో పేరు తెచ్చుకొనజూచి, ఆశాభంగముతో తిరిగి వచ్చెను. 1844 ఏప్రిలులో ఒక మిత్రునితో కలిసి నదీతీరమున చేపలు వండుకొనుచుండగా, నిప్పు ఎండుగడ్డికి అంటుకొని సుమారు 300 ఎకరముల అడవి కాలిపోయెను. ఊరివారు అతనిని అడవులు తగులబెట్టినవాడని చాల కాలము ఎత్తిపొడుచుచుండిరి. ఇరువది యేడేండ్ల వయస్సు; పెద్ద కళాశాల పట్టము; ఉద్యోగము లేదు; తోడబుట్టినవాడు లేడు; ఊరిలో మంచిపేరును లేదు. ఇట్టి స్థితిలో మన ఇండ్లలోని పెద్దలు ఏమందురో ఎవరికి వారే ఊహించుకొనవచ్చును.

ఆ సంవత్సరమే శరత్కాలమున తల్లిదండ్రులు రైలు స్టేషనుకు ఆవల కొంత స్థలము కొని, సొంత యిల్లు కట్ట తలపెట్టిరి. హెన్రీ తండ్రితో కలిసి పనిచేసెను. నేలమాళిగను త్రవ్వి దాని గోడలకు రాళ్ళు పేర్చినవాడు అతడే. ఆ అనుభవము అతనికి గురుకులవాసమయ్యెను. అదే కాలమున ఎమర్సన్, పట్టణమునకు మైలున్నర దూరముననున్న వాల్డెన్ అను సరస్సు ఒడ్డున కొంత అడవి భూమిని కొనెను. అందు ఒక మూల చిన్న యిల్లు వేసికొనుటకు థోరోకు అనుమతి లభించెను. అద్దె లేదు, పత్రము లేదు; స్నేహమే ఆధారము.

1845 మార్చి మాసాంతమున థోరో ఒక గొడ్డలిని ఎరువు తెచ్చుకొని అడవికి పోయి, సరస్సు సమీపమున ఏపుగ పెరిగిన తెల్ల పైను చెట్లను నరుక నారంభించెను. గొడ్డలిని తిరిగి ఇచ్చునపుడు తెచ్చినదానికంటె వాడిగ నూరి ఇచ్చితినని అతడు గర్వముగ చెప్పుకొనెను. ఎరువు సొమ్ము విషయమున మనమందరమును గుర్తుంచుకొనదగిన పాఠమిది. ముఖ్యమైన దూలములను నలువైపుల చెక్కి ఆరంగుళముల చదరముగ చేసెను. నిలువు కొయ్యలను రెండు వైపులనే చెక్కెను; వాసములను, నేలదుంగలను ఒక్క వైపుననే చెక్కి తక్కిన భాగమున బెరడును వదలివేసెను. ప్రతి కొయ్యకును చివర కుసి చెక్కి, దానికి సరిపడు బెజ్జమును తొలిచి ఒకదానితో ఒకటి బిగించెను. మధ్యాహ్నమున కట్టెలపై కూర్చుండి, రొట్టెను వెన్నను తిని, అవి చుట్టి తెచ్చిన వార్తాపత్రికను చదువుకొనెడివాడు. తొందర లేక చేసిన ఆ పని ఏప్రిలు నడుమకు ఒక కొలిక్కి వచ్చెను.

పలకలకొరకు అతడు కోతమిల్లుకు పోలేదు. ఆ ప్రాంతమున కొత్తగ రైలుమార్గము వేయుటకు ఐర్లండు దేశమునుండి వచ్చిన కూలీలు సరస్సు దాపున గుడిసెలు వేసికొని యుండిరి. వారిలో జేమ్స్ కాలిన్స్ అనునతని గుడిసెను 4 డాలర్ల 25 సెంట్లకు కొనెను. మరునాడు ఉదయము ఆరు గంటలకు థోరో ఆ గుడిసె స్వాధీనమునకు పోవుచుండగా కాలిన్స్ కుటుంబము త్రోవలో ఎదురుపడెను. మంచము, అద్దము, కాఫీ గింజలు విసరు యంత్రము, కోళ్ళు, వారి సర్వస్వమును ఒక పెద్ద మూటలో ఇమిడిపోయెను. పిల్లి మాత్రము వెంటబోక అడవి పాలయ్యెను. థోరో ఆ గుడిసెను విప్పి, మేకులు పెరికి, పలకలను చిన్న బండిపై సరస్సు ఒడ్డునకు చేర్చి, వంపులు సరియగుటకు ఎండలో పచ్చికపై పరచెను. అతడు బండి తోలుకొని పోయినపుడెల్ల, పొరుగువాడొకడు పనికివచ్చు మేకులను జేబులో వేసికొనుచుండెనట!

ఒకరి ఇల్లు విప్పినగాని మరియొకరి ఇల్లు లేవలేదను సంగతిని థోరో దాచలేదు. ఆ మూటను, ఆ పిల్లిని అతడు తన గ్రంథమున చిత్రించి విడిచెను. అయినను ఇప్పుడు చదువునపుడు నా మనస్సు ఆ త్రోవలోనే కొంతసేపు ఆగినది. చౌకగ వచ్చిన పలకల వెనుక ఇల్లు విడిచి బయలుదేరిన ఒక కుటుంబము కలదు. మన నగరములలో వెలయుచున్న కొత్త భవనముల ప్రక్క కూలీల రేకుల గుడిసెలను నిత్యమును చూచువారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు.

దక్షిణమునకు వాలిన ఒక చిన్న దిబ్బలో, పూర్వము ఏదో జంతువు కలుగు చేసికొన్న చోటనే, ఆరడుగుల చదరమున ఏడడుగుల లోతున నేలమాళిగను త్రవ్వెను. మెత్తని ఇసుక నేల యగుటచే అది రెండు గంటల పని. మే మాసారంభమున ఇంటి చట్రమును నిలబెట్టవలసి వచ్చెను. తక్కిన పనులన్నియు ఒంటిచేతితో జరిగినను, ఈ ఒక్క పనికి మాత్రము మిత్రులను పిలిచెను. ఎమర్సన్, ఆల్కాట్, చానింగ్ మొదలగు పండితులును, హాస్మర్ అను రైతును, అతని కుమారులును వచ్చి తలా ఒక చేయి వేసిరి. సహాయము అవసరమై పిలువలేదనియు, ఇరుగుపొరుగు స్నేహమును పురస్కరించుకొని పిలిచితిననియు థోరో వ్రాసెను. ఈ మాటను నేను పూర్తిగ నమ్మజాలను. చెట్టంత దూలమును నిలువున ఎత్తునపుడు రెండవ కొనను పట్టుకొనువాడు ఉండవలసినదే. కాని ఆ పట్టుకొన్నవారిని అతడు మరచిపోలేదు. తన యింటిని నిలబెట్టినవారికంటె గొప్పవారు ఎవరి యింటికిని లభింపలేదని సంతోషించెను.

పలకలు కొట్టి కప్పు వేసిన వెంటనే, 1845 జూలై 4వ తేదీన, అనగా అమెరికా స్వాతంత్ర్య దినోత్సవము నాడు, థోరో గృహప్రవేశము చేసెను. అప్పటికింకను పొగగొట్టము లేదు, గోడలకు గిలాబా లేదు. పొగగొట్టము పునాదికొరకు సరస్సునుండి రెండు బండ్ల రాళ్ళను తన చేతులతో మోసి మిట్టకు చేర్చియుంచెను. పొలము పని ముగిసిన పిదప, చలి ముదరకముందు, పాత ఇటుకలను గోకి శుభ్రపరచి పొగగొట్టమును కట్టెను. అంతవరకు వంట ఆరుబయటనే. గోడలకు వెలుపల చెక్కపెంకులు తాపించెను; నవంబరులో లోపల సున్నపు గిలాబా చేసెను. ఇల్లు పది అడుగుల వెడల్పు, పదునైదు అడుగుల పొడవు. రెండు ప్రక్కల రెండు పెద్ద కిటికీలు, ఒక కొనను తలుపు, రెండవ కొనను ఇటుకల పొయ్యి, పైన చిన్న అటక. మంచము, బల్ల, వ్రాతబల్ల, మూడు కుర్చీలు. ముఖ్యమైన సామానంతయు ఇంతే.

ఇక జమాఖర్చులు. పలకలకు 8 డాలర్ల మూడున్నర సెంట్లు. కప్పుకును గోడలకును ఏరివేసిన చెక్కపెంకులకు 4 డాలర్లు. గిలాబా బద్దలకు 1.25, అద్దములతో కూడిన పాత కిటికీలు రెండింటికి 2.43; వేయి పాత ఇటుకలకు 4 డాలర్లు; రెండు పీపాల సున్నమునకు 2.40, సున్నములో కలుపు వెంట్రుకలకు 31 సెంట్లు, పొయ్యిపై ఇనుప కమ్మికి 15, మేకులకు 3.90, బందులకును మరమేకులకును 14, గడియకు 10, సుద్దముక్కకు 1 సెంటు, రవాణాకు 1.40. మొత్తము 28 డాలర్ల పండ్రెండున్నర సెంట్లు. సున్నము ధర హెచ్చనియు, వెంట్రుకలు అవసరమునకు మించి కొంటిననియు ప్రక్కన వ్యాఖ్యలు కూడ కలవు! రవాణా ఖర్చు తగ్గుటకు కారణము, చాలభాగమును తన వీపుపైననే మోసికొనుట. కొయ్య, రాయి, ఇసుక ఆ నేలనుండి తీసికొన్నవగుటచే లెక్కలో చేరలేదు. మన లెక్కల శాఖవారు కూడ తప్పు పట్టజాలని పద్దు ఇది.

ఈ పద్దును థోరో గొప్పకొరకు ప్రకటింపలేదు. హార్వర్డులో విద్యార్థి తన గదికి ఏటేట చెల్లించు అద్దె 30 డాలర్లు. అంతకంటె తక్కువకు జీవితాంతము నిలుచు ఇల్లు లభించినదని చూపెను. ఆ ప్రాంతమున సామాన్యమైన ఇంటి వెల సుమారు 800 డాలర్లు. దినమునకు ఒక డాలరు కూలి సంపాదించువాడు, సంసారభారము లేకున్నను, ఆ సొమ్ము కూడబెట్టుటకు పది మొదలు పదునైదు సంవత్సరములు పట్టునని లెక్క కట్టెను. ఏ వస్తువు యొక్క నిజమైన వెలయైనను దానికై మనము ధారపోయు ఆయుర్దాయమే యని అతని సిద్ధాంతము. రైతు తన ఇంటిని సంపాదించునాటికి ఆ ఇల్లే రైతును సంపాదించుకొనియుండునేమో యని అతడు సంశయించెను. నా దరఖాస్తు కాగితముపై కలము ఆగినది సరిగా ఈ లెక్కవద్దనే.

వాల్డెన్‌లో థోరో జీవనము సన్న్యాసమనుకొనరాదు. రెండున్నర ఎకరములలో ముఖ్యముగ చిక్కుడు వేసి, ఖర్చులు పోగా మొదటి యేడు 8 డాలర్ల ఏడుపదుల ఒకటిన్నర సెంట్లు లాభము తీసెను. సంవత్సరమునకు ఆరు వారములు పనిచేసినచో తన అవసరములు తీరునని తెలిసికొనెను. మిగిలిన కాలమున అన్న స్మృతిగ తలపెట్టిన పడవ ప్రయాణపు గ్రంథమును వ్రాసెను. ఉదయవేళల భగవద్గీతను ఆంగ్లానువాదమున పఠించెను. 1846–47 చలికాలమున ట్యూడర్ అను వర్తకుని తరఫున కూలీలు వచ్చి సరస్సుపై గడ్డకట్టిన మంచును పలకలుగ కోసిరి. ఆ వర్తకుని మంచు ఓడలపై మద్రాసు, కలకత్తాలకు ఎగుమతి యగుచుండెను. గీతను పుట్టించిన దేశమువారు తన సరస్సు నీటిని త్రాగుదురు గదా యని థోరో ఆనందించెను. మద్రాసు సముద్రతీరమున ట్యూడర్ మంచును నిలువచేసిన ఐస్ హౌసు నేటికిని నిలిచియున్నది. 1897లో వివేకానందస్వామి బస చేసినది ఆ భవనముననే. 1953 వరకు మద్రాసును తమ రాజధానిగ నెరిగిన మన ఆంధ్ర కుటుంబములలోని పెద్దలు ఆ గుండ్రని కట్టడమును చూచియే యుందురు.

1846 జూలైలో, కుట్టుటకిచ్చిన చెప్పును తెచ్చుకొనుటకు ఊరిలోనికి వచ్చిన థోరోను, తలపన్ను చెల్లింపలేదని నిర్బంధించిరి. బానిసత్వమును సహించు ప్రభుత్వమునకు, మెక్సికోపై యుద్ధము సాగించు ప్రభుత్వమునకు పన్ను కట్టనని అతని పట్టుదల. ఒక రాత్రి కారాగారమున గడపెను. ఎవరో పన్ను చెల్లింపగా మరునాడు విడుదలయై, చెప్పును తీసికొని అడవిపండ్లు ఏరుటకు పోయెను. ఈ అనుభవముపై 1849లో ప్రకటించిన వ్యాసము దక్షిణాఫ్రికాలో గాంధీమహాత్ముని చేతికి చేరి, 1907లో ఆయన పత్రిక ఇండియన్ ఒపీనియన్‌లో సంగ్రహముగ వెలువడెను. 1910లో టాల్‌స్టాయ్ క్షేత్రమున గాంధీజీ తన సహచరులతో కలిసి స్వయముగ శ్రమించి వసతులు నిర్మించుకొనుట కూడ మనమెరిగినదే.

రెండు సంవత్సరముల రెండు మాసముల రెండు దినములు నివసించి, 1847 సెప్టెంబరు 6వ తేదీన థోరో ఆ ఇంటిని విడిచెను. ఎమర్సన్ ఐరోపాకు పోవుచు తన కుటుంబమును కనిపెట్టియుండుమని కోరుటయు ఒక హేతువు. వాల్డెన్‌లో చేయవలసినది చేసితిననియు, ఇంకను గడపవలసిన జీవితములు పెక్కు కలవనియు అతడు భావించెను. ఆ ఇల్లు చేతులు మారెను. 1849లో ఒక రైతు దానిని తన పొలమునకు తరలించి ధాన్యము నిలువచేసికొనెను. 1868లో కప్పును ఊడదీసి పందుల దొడ్డికి వేసిరి. కొయ్య మరియొక కొట్టమున కలిసిపోయెను. తన యింటి కొయ్యకు కలిగిన గతికి థోరో విచారించియుండడనియే నా నమ్మకము. ఆ కొయ్యలో కొంతభాగము కాలిన్స్ గుడిసెది గదా.

అన్న స్మృతిగ వ్రాసిన గ్రంథము 1849లో వెలువడి, వేయి ప్రతులలో 706 అమ్ముడుపోక 1853లో తిరిగి వచ్చెను. వాటిని తానే మోసికొనిపోయి అటకపై పేర్చుకొనెను. ఏడుమార్లు తిరుగవ్రాసిన వాల్డెన్ గ్రంథము 1854 ఆగస్టులో ప్రకటింపబడెను. భూముల సర్వేచేసి, తండ్రి పెన్సిళ్ళ పరిశ్రమను బాగుచేసి జీవనము సాగించెను. 1855లో ఆంగ్ల మిత్రుడొకడు పంపిన 44 భారతీయ విషయక గ్రంథములకొరకు, నదిలో కొట్టుకొని వచ్చిన కొయ్యలతో తానే బీరువా చేసెను. తన తరువాతి జీవితమును తల్లిదండ్రులతో, చెల్లెలితో వారి ఇంటనే గడపి, 1862 మే 6వ తేదీన క్షయవ్యాధిచే, నలుబది నాలుగవ యేట కన్నుమూసెను. నేను ఈ వ్యాసము వ్రాయుచున్న వయస్సు కూడ దాదాపు అంతియే.

థోరోను విమర్శించువారు లేకపోలేదు. భూమి ఎమర్సన్‌ది, గొడ్డలి ఎరువుది, అప్పుడప్పుడు తల్లి ఇంట భోజనము, భార్యాబిడ్డల బాధ్యత లేనేలేదు. ఇవి యన్నియు నిజములే. పిల్లల చదువులు, తల్లిదండ్రుల వైద్యము చూచుకొనవలసిన మనము పది అడుగుల గదిలో సంసారము చేయజాలము. గొడ్డలి పట్టి అడవికి పోజాలము. అతడు అందరిని తనవలె జీవింపుమని కోరలేదు కూడ. తన యింటికి తానెంత ఇచ్చెనో, ఎవరెవరినుండి ఏమి పుచ్చుకొనెనో తెలిసికొని నివసించెను. మనము ఇల్లు కట్టునపుడు ఇటుకల లెక్క, సిమెంటు లెక్క వ్రాసికొందుము. ఆయుర్దాయము లెక్కను, చేయూత లెక్కను వ్రాసికొనము.

నేను దరఖాస్తును చింపివేయలేదు. కాని మూడు గదులని వ్రాసినచోట రెండని దిద్ది, వాయిదాలను అయిదు సంవత్సరములు తగ్గించితిని. చిత్తుకాగితము వెనుక మరియొక పట్టిక మొదలుపెట్టితిని. కాలేజీ ఫీజు కట్టిన మేనమామ, ఢిల్లీకి వచ్చిన మొదటి నెలలో తన గదిలో చోటిచ్చిన సహోద్యోగి, నగలు తాకట్టు పెట్టుటకు మారుమాటాడక తీసియిచ్చిన ఇల్లాలు. వీరి పేర్లు అందులో చేరినవి. పట్టిక ఇంకను ముగియలేదు.

1945లో, థోరో ఇల్లు కట్టిన నూరేండ్లకు, రాబిన్స్ అనునతడు వాల్డెన్ ఒడ్డున నేల త్రవ్వి పరిశోధించెను. కప్పు, గోడలు, కిటికీలు ఏవియు లేవు. పొగగొట్టము పునాదిరాళ్ళు మాత్రము ఉన్నచోటనే ఉండెను. ఒంటరిగ, ఒక్కొక్కటిగ, థోరో తన చేతులతో మిట్టకు మోసికొని వచ్చిన రాళ్ళు అవి.